ఫ్లై రాడ్‌తో పెద్ద కార్ప్ వేట

గాలానికి వానపామునో పిండిముద్దనో గుచ్చకుండా, ఈకలూ బొచ్చూ దారమూ కలిపి కట్టిన కృత్రిమ పురుగుతో కార్ప్ చేపలను పట్టే క్రీడ ఇది. ఆ కృత్రిమ పురుగునే ఫ్లై అంటారు. ఇలా పట్టేవాటిలో ముఖ్యమైనది కామన్ కార్ప్. శాస్త్రీయ నామం సిప్రినస్ కార్పియో. తెలుగునాట చేపల రైతులు బంగారుతీగ అనే చేప ఇదే. అద్దాల్లాంటి పెద్ద పొలుసులు అక్కడక్కడా ఉండే మిర్రర్ కార్ప్, పొలుసులు దాదాపు లేని లెదర్ కార్ప్ దీని సాగు రకాలే. గ్రాస్ కార్ప్ అనే గడ్డిచేపను కూడా ఫ్లైతో పడతారు. ఈ వేట ఎక్కువగా సాగేది అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో, బ్రిటన్‌లో. రెండుచోట్లా 20 పౌండ్లు, అంటే తొమ్మిది కిలోలు దాటితే పెద్ద చేప కింద లెక్క.

ఫ్లై వేట చాలాకాలం ట్రౌట్, సాల్మన్ చేపలదే. చల్లటి, తేటనీటి చేపలకున్న ప్రతిష్ఠ కార్ప్‌కు దక్కలేదు. ఇంగ్లండులో ఐజక్ వాల్టన్ 1653 నాటి తన గ్రంథం ‘ది కంప్లీట్ యాంగ్లర్’లో కార్ప్‌కు పెద్దపీట వేసినా, అమెరికాలో మాత్రం దానికి బురదచేప అనే పేరే మిగిలింది. ఆ చిన్నచూపు ఎంత అన్యాయమో దాన్ని ఫ్లైతో పట్టబోయినవాళ్లకు త్వరగానే తెలిసివస్తుంది. మంచినీటి చేపల్లో ఇంత అనుమానపు చేప మరొకటి కనిపించడం కష్టం.

చేప తినే తీరు

ఈ వేటలోని చిక్కులన్నీ కార్ప్ నోటి దగ్గర మొదలవుతాయి. దాని దవడల్లో పళ్లుండవు. పై పెదవి ఇరువైపులా రెండు జతల మీసాలుంటాయి. వాటి మీద రుచి తెలిసే కణాలు దట్టంగా ఉంటాయి కాబట్టి నోట్లో పెట్టుకోకముందే ఆహారం సంగతి కొంత తెలిసిపోతుంది. తినేటప్పుడు మూతిని గొట్టంలా ముందుకు చాపి, నోటి కుహరాన్ని ఒక్కసారిగా పెద్దది చేసి, నీటినీ బురదనూ పురుగునూ కలిపి లోపలికి పీల్చుకుంటుంది. అంగిలి మీద మెత్తటి కండర దిమ్మ ఒకటి ఉంటుంది. తినదగిన ముక్కను ఆ దిమ్మ కిందికి ఉబ్బి నొక్కిపట్టుకుంటే, బురద మొప్పల గుండా బయటికి పోతుంది. పనికిరానిదాన్ని చేప వచ్చిన దారినే ఉమ్మేస్తుంది. దక్కించుకున్నది గొంతు దగ్గరికి చేరుతుంది. అసలు పళ్లున్నది అక్కడే. కపాలం అడుగున ఉన్న గట్టి మెత్త మీద వాటిని ఆనించి నత్తల్నీ ఆల్చిప్పల్నీ నలిపేస్తుంది. కడుపు అనే సంచి దీనికి లేదు. గొంతు దాటినది నేరుగా పేగులోకే పోతుంది. అందుకే ఒక్కసారి కడుపు నింపుకుని ఊరుకోకుండా, కొంచెం కొంచెంగా రోజంతా మేస్తూ ఉంటుంది.

వేటగాడికి ఇందులో లాభమూ ఉంది, నష్టమూ ఉంది. రోజంతా మేసే చేప ఎప్పుడో ఒకప్పుడు కంటపడక తప్పదు. నష్టమల్లా ఆ ఉమ్మేసే అలవాటుతోనే. ఈకలూ బొచ్చూ రుచి లేని వస్తువులు. నోట్లోకి వెళ్లిన ఫ్లై అక్కడ ఉండేది క్షణకాలమే. పిండిముద్దతో పట్టేవాడికి ఎర రుచి సాయం చేస్తుంది, ఫ్లై వేసేవాడికి ఆ సాయం లేదు.

వినికిడి విషయంలో కూడా కార్ప్ ట్రౌట్ కన్నా చాలా మెరుగు. గాలితిత్తిని లోపలి చెవితో కలిపే చిన్న ఎముకల వరుస కార్ప్ కుటుంబానికి ఉంది, ట్రౌట్‌కు లేదు. గాలితిత్తికి తగిలిన ప్రకంపన ఆ ఎముకల గుండా చెవికి చేరుతుంది. పడవ అడుగున తెడ్డు తగిలినా, గులకరాళ్ల మీద బూటు జారినా గుంపు మొత్తం కదిలిపోవడం వేటగాళ్లందరికీ తెలిసిందే. కార్ప్ బంధువులైన మినో చేపల్లో చర్మం చిట్లితే నీటిలో ఒక పదార్థం కలుస్తుందనీ, దాన్ని పసిగట్టిన తోటిచేపలు బెదిరి పారిపోతాయనీ కార్ల్ వాన్ ఫ్రిష్ కనుగొన్నాడు. తేనెటీగల నాట్యం అర్థం చెప్పి నోబెల్ బహుమతి అందుకున్న శాస్త్రవేత్త ఆయనే.

కార్ప్‌కు జ్ఞాపకం కూడా గట్టిదే. నెదర్లాండ్స్ శాస్త్రవేత్త బ్యూకెమా చెరువుల్లో కార్ప్‌లను గాలాలతో పట్టి, వదిలి, మళ్లీ పట్టిచూసి 1970లో ఫలితాలు ప్రచురించాడు. ఒక్కసారి గాలానికి చిక్కిన చేప రెండోసారి దొరకడం బాగా తగ్గిపోయింది. ఆ జాగ్రత్త నెలల తరబడి నిలిచింది కూడా. పట్టి వదిలేసే చెరువుల్లో ఏళ్ల తరబడి బతికిన పెద్ద చేపలు ఎందుకంత మొండికేస్తాయో దీన్నిబట్టి ఊహించవచ్చు.

సరంజామా

మామూలు గాలంలో బరువు సీసపు గుండులోనో ఎరలోనో ఉంటుంది. దాన్ని విసిరితే దారం దాని వెంట పోతుంది. ఫ్లైకి ఆ బరువు లేదు. అందువల్ల బరువును తాడులోనే పెడతారు. రాడ్‌ను వెనక్కీ ముందుకూ ఆడించి తాడును గాలిలో చాపితే, దాని కొసన ఉన్న ఫ్లై వెంట వెళ్లి వాలుతుంది. తాడు మొదటి 30 అడుగుల బరువును బట్టి నంబరు ఇస్తారు. ఆరో నంబరు తాడుకు ఆ భాగం 160 గ్రెయిన్లు, సుమారు 10.4 గ్రాములు. ఎనిమిదో నంబరుకు 210 గ్రెయిన్లు, సుమారు 13.6 గ్రాములు. కార్ప్‌కు ఈ రెండు నంబర్ల మధ్యవి వాడతారు. ఇరవై పౌండ్ల చేపల కోసమే వెళ్లేవాళ్లు ఎనిమిదో నంబరు ఎంచుకుంటారు. రాడ్ పొడవు సాధారణంగా తొమ్మిది అడుగులు.

తాడు చివర తొమ్మిది నుంచి పన్నెండు అడుగుల సన్నటి దారం ఉంటుంది. దాని కొస ఎనిమిది నుంచి పన్నెండు పౌండ్ల బరువు తట్టుకునేది కావాలి. ఆల్చిప్పల మీదా రాళ్ల మీదా ఒరుసుకున్నా తెగకుండా ఉండేందుకు చాలామంది ఫ్లోరోకార్బన్ దారం వాడతారు. ట్రౌట్ వేటలో రీలు పని తాడు చుట్టిపెట్టుకోవడం వరకే. కార్ప్ దగ్గర దాని బ్రేకు నిజంగా పనిచేయాలి. గాలం పడిన పెద్ద చేప మొదటి పరుగులోనే తాడంతా లాక్కుపోయి, దాని వెనక చుట్టిన సన్నటి అదనపు తాడును కూడా బయటికి తీస్తుంది. ఆ అదనపు తాడు వంద మీటర్లకు తక్కువ కాకుండా చూసుకుంటారు.

అన్నిటికన్నా ముఖ్యమైన పనిముట్టు మాత్రం పోలరాయిడ్ కళ్లద్దాలు. నీటి మీది మెరుపును అవి కోసేస్తేనే అడుగున ఉన్న చేప కనిపిస్తుంది. చవక రాడ్‌తో నెట్టుకురావచ్చు గానీ, ఈ అద్దాలు లేనివాడు గట్టు మీద కూర్చోవడమే మేలు.

ఫ్లైల విషయానికొస్తే, ముదురు రంగులవే ఎక్కువ. తుప్పు, గోధుమ, ఆలివ్, నలుపు రంగులు అడుగున పాకే తూనీగ పిల్లలనూ జలగలనూ క్రేఫిష్‌నూ తలపిస్తాయి. క్రేఫిష్ అంటే రొయ్యలాంటి ఒళ్లు, పీతలాంటి కొండీలు ఉన్న మంచినీటి జీవి. కార్ప్ ఫ్లై అడుగుకు త్వరగా దిగాలి, దిగాక గాలం మొన పైకి తిరిగి ఉండాలి. లేకపోతే ప్రతిసారీ నాచుకో రాయికో తగులుకుంటుంది. పెన్సిల్వేనియా రాష్ట్రానికి చెందిన బాబ్ క్లౌజర్ గాలపు కాడ మీద ఒకవైపు బరువైన కళ్లు కట్టి, ఫ్లై నీటిలో తలకిందులుగా ఈదేటట్టు చేసిన పద్ధతి ఇక్కడ బాగా అక్కరకొచ్చింది. కార్ప్ ఫ్లైలు చాలావాటికి పూసల గొలుసు తునక కళ్లుగా ఉంటుంది. కుందేలు తోలు పేలిక తోకగా ఉంటుంది. గాలం కదలకపోయినా ఆ బొచ్చు నీటిలో ఊపిరి తీస్తున్నట్టు కదులుతుంది. కదలకుండా నిలిచిన ఫ్లైనే చేప ఎక్కువగా తింటుంది గనుక ఈ కదలిక చాలా విలువైనది.

కొన్ని కాలాల్లో చేప అడుగు వదిలి పైకి వస్తుంది. అమెరికాలో వేసవి మొదట్లో నది మీదికి వాలిన మల్బరీ చెట్ల నుంచి పండ్లు రాలే రోజుల్లో కార్ప్, గడ్డిచేప ఆ నీడలోనే తిరుగుతుంటాయి. బొచ్చును గుండ్రంగా కత్తిరించి, ఊదారంగు వేసిన ఫ్లైని టపుక్కున చప్పుడయ్యేలా పడేస్తే చాలు, తిరిగి వచ్చి అందుకుంటాయి. మామూలుగా చప్పుడంటే హడలిపోయే చేప ఆ కొన్నాళ్లూ చప్పుడు కోసమే కాచుకుని ఉంటుంది.

చూసి వేయడం

గుడ్డిగా నీటిలోకి విసిరి అదృష్టం కోసం చూడడం కార్ప్ దగ్గర చెల్లదు. ముందు చేప కనబడాలి. కనబడ్డాక అది ఏం చేస్తోందో తెలియాలి. ఎండ కాగుతూ కదలకుండా నిలిచిన చేప తినదు. వేగంగా ఒకే దారిన పోతున్న గుంపు కూడా సాధారణంగా పట్టించుకోదు. వసంతంలో నీరు పదహారు, పద్దెనిమిది డిగ్రీలకు చేరాక ఒడ్డు గడ్డిలో నీళ్లు చిమ్ముతూ గలభా చేసే చేపలు గుడ్లు పెడుతున్నాయన్న మాట. కొత్తవాళ్లు వాటి చుట్టూ తిరిగి పూట పాడుచేసుకుంటారు. తెలిసినవాళ్లు వాటిని వదిలేస్తారు. మెల్లగా తిరుగుతూ అప్పుడప్పుడు తల వంచే చేప మంచిదే. అన్నిటికన్నా మంచిది తల కిందికి, తోక పైకి పెట్టి అడుగును తవ్వుతున్న చేప. లోతు తక్కువైనచోట ఆ తోక కొస నీటి పైకి వచ్చి ఆడుతూ కనిపిస్తుంది.

మోకాలి లోతు నీటిలో అలాంటి చేప ఉందనుకుందాం. దాని ముందు చిన్న బురద మబ్బు లేస్తూ ఉంటుంది. ఫ్లైని తిన్నగా దాని తల మీద వేస్తే పారిపోతుంది. దూరంగా వేస్తే చూడనే చూడదు. అందుకని చేపకు అవతలా, కాస్త ముందుకూ వేసి, రాడ్ పైకెత్తి పట్టుకుని ఫ్లైని నీటిపైనే జార్చుకుంటూ వచ్చి, తలకు జానెడు దూరంలో వదిలేస్తారు. ఫ్లై మునుగుతుంది. తినే చేప చూపు, మీసాల జాడ పనిచేసే మేర భోజనపళ్లెం కన్నా పెద్దదేమీ కాదు, ఫ్లై అందులోనే దిగాలి. ఇక తాడు లాగకుండా చేపను చూడాలి. ముందు మీసాల కదలిక ఆగుతుంది. తల కొద్దిగా పక్కకు తిరుగుతుంది. మొప్పల మీది పలకలు రెండూ విచ్చుకుంటాయి. చాచిన మూతిలో లేత రంగు ఒక్క క్షణం మెరుస్తుంది. చేప ఫ్లైని నోట్లోకి తీసుకుంది. తాడులో చలనమే ఉండదు. చేతికి తెలిసేదాకా ఆగినవాడికి ఉమ్మేసిన ఫ్లైయే మిగులుతుంది.

అప్పుడు చేయాల్సింది గట్టిగా గుంజడం కాదు. ఎడమచేత్తో తాడును నిదానంగా బిగించి, బరువు తగిలాక రాడ్ ఎత్తాలి. పెదవి తోలులా గట్టిది గనుక ఒకసారి దిగిన గాలం తేలికగా ఊడదు. చేపలు చేజారేది ఎక్కువగా మొదటి పరుగులో దారం తెగి.

నీటి లోతు పెరిగినా, బురద ఎక్కువైనా ఈ సంకేతాలన్నీ కనబడవు. అప్పుడు చేప తోక ఒక్కసారి విదిలించడమో, ఆగిన బురద మబ్బు కదలడమో చూసి ఊహ మీద తాడు బిగిస్తారు. ఆ ఊహ అనుభవంతోనే పదునెక్కుతుంది. చేప వెంటనే ఉమ్మేయకుండా ఫ్లై మీద వాసనద్రవ్యం పూద్దామంటే, పోటీల్లోనూ రికార్డుల్లోనూ ఒప్పుకోరు.

అమెరికాలో

కామన్ కార్ప్ స్వస్థలం నల్ల సముద్రం, కాస్పియన్, ఆరల్ సముద్రాల్లోకి పారే నదులు. మధ్యయుగాల్లో మఠాల చెరువుల ద్వారా పడమటి ఐరోపాకు చేరింది. నేటి చెక్ దేశంలోని త్రెబోన్ ప్రాంతంలో 1590 నాటికి పూర్తయిన రోజ్మ్‌బెర్క్ చెరువు ఆ సాగు ఎంత పెద్ద ఎత్తున జరిగిందో చూపిస్తుంది. అమెరికాకు దాన్ని పనిగట్టుకుని తెచ్చింది ప్రభుత్వమే. స్పెన్సర్ బెయిర్డ్ నాయకత్వంలోని చేపల కమిషన్ 1877లో జర్మనీ నుంచి 345 చేపలు రప్పించి బాల్టిమోర్‌లోని డ్రూయిడ్ హిల్ పార్కు చెరువుల్లో వదిలింది. తరవాత వాషింగ్టన్ స్మారక స్తంభం పక్కనున్న చెరువుల్లో పెంచింది. వాటి పిల్లలను కాంగ్రెసు సభ్యుల ద్వారా అడిగినవాళ్లందరికీ రైళ్లలో పంపారు. రెండు దశాబ్దాలు తిరక్కుండానే నీటిని బురదమయం చేస్తోందనీ, బాతులు తినే నీటిమొక్కలను పెకిలిస్తోందనీ ఆ చేప మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. అప్పటికి అది ఎవరి అదుపులోనూ లేదు.

ఫ్లై వేటగాళ్లు దాన్ని గంభీరంగా తీసుకోవడం ఇరవయ్యో శతాబ్దం చివరి మాట. కొలరాడోకు చెందిన బారీ రెనాల్డ్స్ మరో ఇద్దరితో కలిసి 1997లో తెచ్చిన ‘కార్ప్ ఆన్ ద ఫ్లై’ పుస్తకం చాలామందికి దారి చూపింది. డెన్వర్ నగరం నడిమధ్య పారే సౌత్ ప్లాట్ నదిలో ఆఫీసు వేళ ముగిశాక రాడ్ పట్టుకుని దిగేవాళ్లు ఇప్పుడు మామూలే. ట్రౌట్ రక్షణ కోసం పుట్టిన ట్రౌట్ అన్‌లిమిటెడ్ సంస్థ డెన్వర్ శాఖ అదే నది బాగు కోసం ‘కార్ప్ స్లామ్’ అనే పోటీతో నిధులు కూడబెడుతోంది. చిన్నచూపు చూసిన చేపే చివరికి ఖర్చులు భరిస్తోంది. లాస్ ఏంజెలెస్ నదిని 1938 వరదల తరవాత కాంక్రీటు కాలువగా మార్చినా, అడుగు మట్టిగా మిగిలిన మేరలో కార్ప్ బతికింది. అక్కడ వంతెనల కింద కూడా ఫ్లై వేస్తారు.

అన్నిటికన్నా పేరుమోసినది మిషిగన్ సరస్సు ఉత్తరభాగం. గ్రాండ్ ట్రావర్స్ అఖాతంలో, బీవర్ దీవి చుట్టూ తెల్లటి ఇసుక మేటల మీద పెద్ద పెద్ద కార్ప్‌లు తిరుగుతుంటాయి. ఉష్ణమండలపు సముద్రతీరాల్లో బోన్‌ఫిష్ అనే చేపను చూసి పట్టే పద్ధతే అక్కడా పాటిస్తారు. నీరు అంత తేటగా ఉండటానికి కారణం పరాయి ఆల్చిప్పలు. ఓడల అడుగున నింపుకొచ్చిన నీటితో జీబ్రా ఆల్చిప్ప మిషిగన్‌తో సహా ఇక్కడి మహాసరస్సులకు (గ్రేట్ లేక్స్‌కు) చేరింది. దాన్ని 1988లో గుర్తించారు. వెనకే క్వాగా ఆల్చిప్ప వచ్చింది. రెండూ నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టి తినేసి సరస్సును అద్దంలా చేశాయి. 1990లో రౌండ్ గోబీ అనే చిన్న చేప కూడా కనబడింది. కార్ప్ దాన్ని పట్టుకు తింటుంది గనుక, ఇక్కడ చేపపిల్లలా ఉండే ఫ్లైలు కూడా పనిచేస్తాయి. విశేషమేమిటంటే ఈ ఆల్చిప్పలూ, గోబీ, కార్ప్ అన్నీ నల్ల సముద్రం, కాస్పియన్ ప్రాంతాలవే. అక్కడి ఇరుగుపొరుగు మొత్తం వేల కిలోమీటర్ల అవతల మళ్లీ కలుసుకుంది. స్థానిక జీవజాలానికి ఇది పెద్ద దెబ్బ, వేటగాళ్లకు మాత్రం పండగ. ఇక్కడ గాలి దిశ చూసుకోకపోతే ప్రయాణం దండగ. వెచ్చటి పైనీరు ఒడ్డుకు వచ్చినప్పుడు చేపలు వెంట వస్తాయి, గాలి తిరిగితే చల్లనీరు పైకి లేచి మేటలు ఖాళీ అవుతాయి.

అమెరికా నదుల్లో కార్ప్ అనుకుని పట్టేవాటిలో కొన్ని అసలు కార్ప్‌లే కావు. బిగ్‌మౌత్ బఫెలో అనే దేశవాళీ చేప చూపుకు దానిలాగే ఉంటుంది, మీసాలుండవు. వీటిలో 112 ఏళ్ల వయసున్న చేప ఉన్నట్టు 2019లో శాస్త్రవేత్తలు చెవి ఎముకల ఆధారంగా తేల్చారు. పనికిమాలిన చేప అని ఒడ్డున పారేసే అలవాటు ఎంత చెడ్డదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇతర దేశాల్లో

బ్రిటన్‌లో కార్ప్ వేట వేరే లోకం. రిచర్డ్ వాకర్ 1952లో రెడ్‌మైర్ చెరువులో పట్టిన 44 పౌండ్ల చేప లండన్ జంతుప్రదర్శనశాలలో 1971 దాకా బతికింది. అయితే అది ఎరతో పట్టినది. అక్కడి ఫ్లై వేటగాళ్లు వేసవిలో నీటిపైన కుక్క బిస్కెట్లు చల్లి, చేపలు ధైర్యం తెచ్చుకుని తినడం మొదలెట్టాక జింక వెంట్రుకలతో బిస్కెట్‌లా కత్తిరించిన ఫ్లైని వాటి మధ్య వదులుతారు. ఇది ఫ్లై వేటేనా అన్న తగాదా ఇంకా తెగలేదు. పురుగును అనుకరించడం న్యాయమూ, బిస్కెట్‌ను అనుకరించడం అన్యాయమూ ఎలా అవుతుందో చెప్పడం కష్టమే. మల్బరీ పండు ఫ్లైని ఎవరూ తప్పుపట్టడం లేదు కదా. బ్రిటన్ చెరువుల్లో పట్టిన చేపను తడిపిన మెత్తటి పరుపు మీద పెట్టి గాలం తీసి, వదిలేయడం ఆనవాయితీ.

ఆస్ట్రేలియాలో పరిస్థితి దీనికి పూర్తిగా ఎదురు. మర్రే, డార్లింగ్ నదుల్లో కార్ప్ విపరీతంగా పెరిగి పెద్ద బెడదగా మారింది. క్వీన్స్‌లాండ్‌లో పట్టిన కార్ప్‌ను తిరిగి నీళ్లలో వదలడం నేరం.

భారతదేశంలో

మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన సివిల్ సర్వీసు అధికారి హెచ్. ఎస్. థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’, 1887లో ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ రాశాడు. రెండో పుస్తకం చెరువుల్లో గాలం వేయడం గురించే. కార్ప్ కుటుంబంలో మన దేశపు అసలైన ఫ్లై చేప మాత్రం మహసీర్. హిమాలయ నదుల బంగారు మహసీర్‌ను వేగపు నీటిలో ఫ్లైతో పడతారు. 1946లో మైసూరుకు చెందిన వాన్ ఇంగెన్ కబిని నదిలో పట్టిన 120 పౌండ్ల మహసీర్ చరిత్రకెక్కింది. కబిని కలిసే కావేరీ నదికి చెందిన ఈ మూపురం మహసీర్ తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతిగా 2018లో అంతర్జాతీయ ఎర్రజాబితాలో చేరింది. కృష్ణా పరీవాహక ప్రాంతానికి చెందిన నీలిరెక్కల మహసీర్‌ను కావేరీలో వదలడం మూపురం మహసీర్ క్షీణతకు ఒక కారణమని పరిశోధకులు చెబుతున్నారు.

బంగారుతీగ మన దేశానికి రెండు విడతల్లో వచ్చింది. 1939లో సిలోన్ నుంచి నీలగిరి కొండలకు జర్మన్ రకాన్నీ, 1957లో బ్యాంకాక్ నుంచి కటక్‌కు మరో రకాన్నీ తెచ్చారు. మైదానాల చెరువుల్లో పెరిగేది ఈ రెండోదే. అయినా కొల్లేరు చుట్టుపక్కల సాగుచెరువుల్లో బొచ్చె, శీలావతిదే రాజ్యం. బొచ్చె నీటిపైన తేలే సూక్ష్మజీవులను వడగట్టి తింటుంది, ఫ్లై వైపు చూసే అవసరం దానికి పెద్దగా లేదు. పైగా తౌడు, ఎరువులతో మేపే ఆ చెరువుల నీరు ఆకుపచ్చగా చిక్కబడి చూపును జానెడు లోతుకైనా పోనివ్వదు. తౌడు నింపి కన్నాలు పొడిచిన సంచులను చెరువులో పాతిన కర్రలకు కట్టి మేపడం అక్కడి పద్ధతి. మేత కోసం సంచుల చుట్టూ మూగే చేపలను పట్టడానికి రైతు వాడేది వలే.